ఏడున్నర మోటారు ఏడు కిలోవాట్లు ఎందుకు లాగుతుంది?

పోయిన సంచికలో ఒక పాఠకుడికి జవాబిస్తూ "హార్స్‌పవర్‌ను 746తో గుణిస్తే వాట్లు వస్తాయి" అని ఒక్క ముక్క రాసి వదిలేశాను. దాని ఫలితం ఈ నెల నా బల్ల మీద కుప్పగా పడింది. ఆ ముక్క అబద్ధం కాదు. కానీ దాన్ని పట్టుకుని పొలం కాడికో మిల్లు కాడికో పోతే సగం చోట్ల లెక్క తిరగబడుతుంది. నల్గొండలో వైండింగ్ షాపులో ఆరేండ్లు, తర్వాత ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియన్ ట్రేడు చెబుతూ ఇరవై తొమ్మిదేండ్లు గడిపినవాణ్ని, అంత పొదుపుగా రాయకూడదు. అందుకే ఈసారి పేజీలన్నీ ఆ లెక్కకే ఇచ్చేశాను.

ప్రశ్న: సార్, మా బోరుకు కొత్తగా ఏడున్నర హెచ్.పి. మోటారు దించినం. నీళ్లు 330 అడుగుల కాడినుంచి రావాలె. ప్లేటు మీద 5.5 కిలోవాట్లు అని ఉన్నది. మా మేనల్లుడు మీటరు తగిలించి చూసి 7 కిలోవాట్లు లాగుతున్నదన్నడు. మీ లెక్కకు 5.6 రావాలె కద. దుకాణమాయన మోసం చేసిండా, మీ లెక్కే తప్పా?
— ఒక రైతు, మునుగోడు మండలం

జవాబు: దుకాణమాయన మోసం చేయలేదన్నా. మీ మేనల్లుడి మీటరు కూడా సరిగానే చూపింది.

పిండిగిర్ని గుర్తు తెచ్చుకోండి. పైన తొట్టిలో జొన్నలు పోస్తాం, కింద పిండి పడుతుంది. పోసినంత పడదు. కొంత రాళ్లకు అంటుకుంటుంది, కొంత గాలిలో లేచి గిర్నాయన మీసాల మీద వాలుతుంది. మోటారూ అంతే. ప్లేటు మీద రాసే హెచ్.పి. గానీ కిలోవాట్ గానీ కింద పడే పిండి లెక్క, అంటే మోటారు ఇరుసు మీద పంపుకు అందే శక్తి. మీ మేనల్లుడు కొలిచింది పైన పోసిన జొన్నలు, అంటే వైరు గుండా లోపలికి పోయే శక్తి. బోరులోకి దించే మోటారు సన్నగా, పొడుగ్గా ఉంటుంది, నీళ్లలో తిరుగుతుంది. దాని సామర్థ్యం నూటికి 78 దాకా ఉన్నా మంచిదే అనుకోవాలి. 5.5ను 0.78తో భాగించండి, 7 వస్తుంది. మీ మీటరు అదే చెప్పింది.

కథ అక్కడితో అయిపోలేదు. ఆ 5.5 కిలోవాట్లు పంపులోకి పోతాయి. పంపు వాటిలో నూటికి 55 వంతులను నీళ్లకు అందించిందనుకోండి, మిగిలేది 3 కిలోవాట్లు. ఒక లీటరు నీటిని 100 మీటర్లు, అంటే మీ 330 అడుగులు, పైకి తేవాలంటే 981 జౌళ్లు ఖర్చు (సెకనుకు ఒక జౌలు ఖర్చయితే ఒక వాట్). సెకనుకు 3,000 జౌళ్లున్నాయి కాబట్టి సెకనుకు 3 లీటర్లు, నిమిషానికి 180 పైచిలుకు. పదిహేను లీటర్ల బిందెలైతే నిమిషానికి పన్నెండు. ఒకసారి బిందె పెట్టి గడియారం చూసుకోండి. పన్నెండు నిండితే మీ మోటారు, పంపు రెండూ ఆరోగ్యంగా ఉన్నట్టే. ఆరో ఏడో అయితే మోటారును తిట్టకుండా ముందు పైపు జాయింట్లు, పంపులో అరిగిన ఇంపెల్లర్లు (నీళ్లను నెట్టే చక్రాలు) చూపించండి. నీటి మట్టం ఇంకా కిందికి పోయిందేమో కూడా చూసుకోవాలి.

అంటే ఒకే మోటారుకు 7 అన్నా నిజమే, 5.5 అన్నా నిజమే, 3 అన్నా నిజమే. ఎక్కడ నిలబడి కొలిచావన్నదే తేడా. నేను పోయిన నెల రాసిన 746 మధ్యలో ఉన్న 5.5కు మాత్రమే పనికొస్తుంది.

ఇక్కడే ఒక గుంట ఉంది, అందులో నేనే పడ్డాను. ఏడున్నర హెచ్.పి. అంటే 5.5 కిలోవాట్లు. మరి ఏడున్నర కిలోవాట్లు అంటే? పది హెచ్.పి. ఈ రెండు మోటార్లూ మన దగ్గర బాగా నడుస్తాయి, రెండిటి ప్లేట్ల మీదా 7.5 అనే అంకె ఉంటుంది. షాపులో చేరిన రెండో ఏడు ఒక మోటారు వైండింగ్‌కు వచ్చింది. ప్లేటు తుప్పు పట్టి 7.5 ఒక్కటే కనబడుతోంది. తెచ్చినాయన కూడా "ఏడున్నర" అన్నాడు. నేను హెచ్.పి. అనుకుని స్టార్టరులో ఓవర్‌లోడ్ రిలేను (కరెంటు మించితే మోటారును ఆపేసే భాగాన్ని) 11 ఆంపియర్లకు తిప్పి పంపించాను. అది నిజానికి పది హెచ్.పి. మోటారు, 15 ఆంపియర్లు లాగేది. పదిహేను నిమిషాలకోసారి రిలే పడిపోవడం, ఆయన టార్చిలైటు పట్టుకుని చెలకలోకి పోయి బటన్ నొక్కడం. రాత్రి కరెంటు రోజులవి. మూడో రాత్రి తెల్లవారకముందే ఆయన మా షాపు ముందు కూర్చున్నాడు. ఏమీ అనలేదు, చెప్పులకంటిన బురద చూపించాడు. మూడు ఫేజుల మోటారుకు హెచ్.పి.కి ఒకటిన్నర ఆంపియరు చొప్పున మోటుగా లెక్క వేసుకోవచ్చని ఆ రోజు మా ఓనరు నా నెత్తి మీద మొట్టి మరీ చెప్పాడు. ఇన్నేండ్లయినా ఆ లెక్కే వాడుతున్నాను.

ప్రశ్న: మా చెలకల కాడ 25 కె.వి. ట్రాన్స్‌ఫారం ఉంది. దాని మీద ఏడున్నర మోటార్లు మూడు. మొత్తం ఇరవై రెండున్నర హెచ్.పి.యే కదా, ఇరవై అయిదు లోపలే ఉన్నాం. అయినా ఎండాకాలం రెండుసార్లు కాలింది. ఎందుకు సార్?
— ఒక యువరైతు, చింతపల్లి మండలం

జవాబు: తమ్ముడూ, ఊర్లో అందరూ కె.వి. అంటాం గానీ ఆ డబ్బా మీద రాసింది కె.వి.ఎ. చివరి 'ఎ' మింగేయడంతోనే తిప్పలు మొదలవుతాయి. కె.వి. అంటే ఒత్తిడి. కె.వి.ఎ. అంటే ఆ డబ్బా ఎంత బరువు మోయగలదన్న లెక్క. దాన్ని తెచ్చి హెచ్.పి. పక్కన పెట్టి కూడకూడదు.

పైన మునుగోడు అన్నకు చెప్పినట్టు ఒక్కో ఏడున్నర మోటారు 7 కిలోవాట్లు లాగుతుంది. మోటారు లాగే కరెంటు మొత్తం పనిలోకి రాదు, కొంత పక్కకు పోతుంది. జోడెడ్లలో ఒకటి బాట వెంబడి లాగుతూ, రెండోది పచ్చగడ్డి కనబడిందని పక్కకు గుంజుతుంటే కాడి మీద బరువు పూర్తిగా పడుతుంది, బండి మాత్రం అంత ముందుకు పోదు. ఆ ముందుకు పోయే వంతును పవర్ ఫ్యాక్టర్ అంటారు. మోటారుకు 0.8 అనుకుందాం. 7ను 0.8తో భాగిస్తే 8.75 కె.వి.ఎ. మూడింటికి 26 దాటింది. మీ ఇరవై అయిదు మీద ఇరవై ఆరు, దానికి తోడు ఏప్రిల్ ఎండ. నూనె మట్టం తక్కువగా ఉంటే ఇంక చెప్పాలా.

అయితే దీనికి చవకైన మందుంది. ఒక్కో మోటారు స్టార్టరు దగ్గర 3 కె.వి.ఎ.ఆర్. (పక్కకు గుంజే వంతుకు వాడే కొలత) కెపాసిటర్ పెట్టించండి. పక్కకు గుంజే వంతు 5.25 నుంచి 2.25కు దిగుతుంది. అప్పుడు ఒక్కో మోటారు ట్రాన్స్‌ఫారం మీద వేసే బరువు 7.35 కె.వి.ఎ., మూడింటికీ 22. అదే మోటార్లు, అవే నీళ్లు, ట్రాన్స్‌ఫారం మాత్రం బతుకుతుంది. చాలా చోట్ల కెపాసిటర్ పెడతారు, ఏడాదికి వైరు ఊడిపోతుంది, డబ్బా గోడకు దిష్టిబొమ్మలా వేలాడుతుంటుంది. అందుకని పెట్టించి ఊరుకోవద్దు, పని చేస్తుందో లేదో ఏటా చూపించుకోండి. ముగ్గురూ కలిసి పెట్టించాలి. ఒక్కరు పెడితే మిగతా ఇద్దరి బరువు అలాగే ఉంటుంది.

ప్రశ్న: మిర్యాలగూడలో ఒక పారాబాయిల్డ్ రైస్ మిల్లులో అకౌంట్లు రాస్తాను. బాయిలర్‌కు రెండు కొటేషన్లు వచ్చాయి. ఒకటి "4 టన్నులు", రెండోది "250 బి.హెచ్.పి.". మా సారు క్యాల్కులేటర్‌లో 250ని 0.746తో గుణించి 186 కిలోవాట్లు వచ్చిందని, ఇది మరీ చిన్నదని రెండోది పక్కన పడేయమన్నారు. ఆఫీసు ఏసీ కూడా 2 టన్నులే, అంటే బాయిలర్ దానికి రెండింతలేనా అని నాకు ఇంకో అనుమానం.
— మిర్యాలగూడ

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది మీదే. రెండు ప్రశ్నలూ పైసలతో ముడిపడినవి, రెండూ ఒకే పేరు రెండు వస్తువులకు పెట్టడం వల్ల వచ్చినవి.

ముందు బి.హెచ్.పి. సంగతి. ఇంజన్ల దగ్గర బి.హెచ్.పి. అంటే బ్రేక్ హార్స్‌పవర్, అది 746 వాట్లే. బాయిలర్ల దగ్గర అవే మూడక్షరాలకు బాయిలర్ హార్స్‌పవర్ అని అర్థం. వెనకటికి ఆవిరి ఇంజన్లు వాడే రోజుల్లో ఒక హార్స్‌పవర్ ఇంజను నడవడానికి గంటకు ఎంత ఆవిరి కావాలో లెక్క వేసి, అంత ఆవిరి ఇచ్చే బాయిలర్‌ను కూడా ఒక హార్స్‌పవర్ అన్నారు. ఇంజన్లు పోయాయి, పేరు మిగిలింది. గంటకు 34.5 పౌండ్లు, అంటే 15.65 కిలోల నీటిని 100 డిగ్రీల దగ్గర ఆవిరి చేస్తే ఒక బాయిలర్ హార్స్‌పవర్. వాట్లలో అది 9.81 కిలోవాట్లు, మామూలు హార్స్‌పవర్‌కు పదమూడింతలు. (ఈ 9.81కీ భూమ్యాకర్షణ 9.81కీ చుట్టరికమేమీ లేదు. మా క్లాసులో ఏటా ఒకడు అడిగేవాడు.)

ఇప్పుడు గుణించండి. 250 బాయిలర్ హార్స్‌పవర్ అంటే 2,450 కిలోవాట్లు. మరి "4 టన్నులు"? గంటకు 4 టన్నుల ఆవిరి. ఒక కిలో నీటిని 100 డిగ్రీల దగ్గర ఆవిరి చేయడానికి దాదాపు 539 కిలోకాలరీలు కావాలి. టన్నుకు 5,39,000. గంటకు ఒక కిలోకాలరీ అంటే 1.163 వాట్లు, కాబట్టి టన్ను ఆవిరి అంటే 627 కిలోవాట్లు, నాలుగు టన్నులకు 2,500. చూశారా, మీ సారు పక్కన పడేయమన్న బాయిలరూ ఉంచుకొమ్మన్న బాయిలరూ ఇంచుమించు ఒకటే. 250ని 15.65తో గుణించినా గంటకు 3.9 టన్నులు వస్తుంది, సరిచూసుకోండి. ఆ కాగితం చెత్తబుట్టలోకి పోకముందే తీసి రేటు, ఊక ఖర్చు పోల్చండి. ఊక లెక్క మోటుగా చెబుతాను. కిలోకు 3,200 కిలోకాలరీలు, బాయిలర్ సామర్థ్యం 70 శాతం అనుకుంటే టన్ను ఆవిరికి పావు టన్ను ఊక పడుతుంది. లోపలికి పోయే నీళ్లు చల్లగా ఉంటే ఇంకాస్త ఎక్కువ. కొటేషన్ ఇచ్చినవాళ్లిద్దర్నీ అడగాల్సింది ఇదీ: "మీ నాలుగు టన్నులు 100 డిగ్రీల నీళ్లతో చెప్పినవా, మా ట్యాంకులోని నీళ్లతో చెప్పినవా?" ఇద్దరూ ఒకే మాట మీద ఉంటేనే పోలిక.

ఇక ఏసీ టన్ను. అది వేరే టన్ను. 2,000 పౌండ్ల ఐసును ఇరవై నాలుగు గంటల్లో కరిగించే వేడిని ఒక టన్ను అన్నారు. ఐసు ఫ్యాక్టరీల కాలపు మాట. అది 3.517 కిలోవాట్లు. మీ బాయిలర్ టన్ను 627. అంటే బాయిలర్ వాళ్ల ఒక్క టన్నులో ఏసీ వాళ్ల టన్నులు 178 పడతాయి. మా అమ్మకు సోల, తవ్వ, మానిక నోటికొచ్చు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. వాటి పేర్లు వేరు కాబట్టి ఎన్నడూ తికమకపడలేదు. ఈ చదువుకున్నవాళ్లు అన్నిటికీ టన్ననే పెట్టిపోయారు.

ప్రశ్న: ఒకటిన్నర టన్నుల ఏసీ కొన్నాం. స్టార్ లేబుల్ మీద 5,200 వాట్లు అని ఉంది. మా మీటరుకు 3 కిలోవాట్ల లోడే ఉంది. వాపసు ఇవ్వమంటారా?
— ఒక టీచర్, జడ్చర్ల

జవాబు: ఇవ్వకండి మేడమ్. ఆ 5,200 మీ గదిలోంచి బయటికి తోడే వేడి, కరెంటు కాదు. ఏసీ చల్లదనాన్ని తయారు చేయదు, బోరు మోటారు నీళ్లు తోడినట్టు వేడిని తోడుతుంది. తోడే కూలి ఒకటిన్నర కిలోవాట్ల చుట్టుపక్కల ఉంటుంది, అదే లేబుల్ మీద ఇంకో వరుసలో రాసి ఉంటుంది చూడండి. 5,200ను 3,517తో భాగిస్తే ఒకటిన్నర టన్నులు వస్తాయి. బి.టి.యు.లలో (వేడికి ఇంకో కొలత) ఉంటే గంటకు 12,000 ఒక టన్ను, మీది 18,000. అయితే ఏసీ, గీజరు, ఇస్త్రీపెట్టె ఒకేసారి వేస్తే 3 దాటుతుంది, అప్పుడు లోడు పెంచుకోవాల్సిందే. గీజరు మాత్రం 2 కిలోవాట్లంటే నిఖార్సుగా 2 కిలోవాట్లే లాగుతుంది. దానికి తోడటం తెలీదు.

ప్రశ్న: లైన్‌మన్ పరీక్షకు చదువుతున్నాను సార్. హార్స్‌పవర్‌కు ఒక పుస్తకంలో 746, ఇంకోదాంట్లో 745.7, మరోదాంట్లో 735.5 ఉంది. ఏది పెట్టాలి? ఇంకొకటి, నా బండి 8.02 పి.ఎస్. అని, మా అన్న బండి 7.91 బి.హెచ్.పి. అని రాసి ఉంది. నాదే బలమైందా?
— ఒక విద్యార్థి, వనపర్తి

జవాబు: తమ్ముడూ, మూడు పుస్తకాలూ ఒప్పే, మూడు గుర్రాలు.

మొదటి గుర్రం జేమ్స్ వాట్‌ది. ఆయన ఆవిరి ఇంజను అమ్మాలి. కొనేవాళ్ల దగ్గర గుర్రాలున్నాయి. "నా ఇంజను ఎన్ని గుర్రాలకు సమానం?" అన్నదానికి జవాబుంటేనే బేరం. మిల్లు తిప్పే గుర్రం 12 అడుగుల దూరంలో గుండ్రంగా తిరుగుతూ గంటకు 144 చుట్లు వేస్తుందని, 180 పౌండ్ల బలంతో లాగుతుందని లెక్క కట్టారు. గుణిస్తే నిమిషానికి 32,572 అడుగు-పౌండ్లు. దాన్ని 33,000 చేసేశారు. బేరగాడు కదా, పైకే సర్దాడు. రోజంతా మామూలు గుర్రం అంత లాగలేదు. ఆ 33,000ను ఈనాటి కొలతల్లోకి మారిస్తే 745.7 వాట్లు. ఎలక్ట్రికల్ వాళ్లు పాయింట్ ఏడు ఎందుకులే అని 746కు స్థిరపరిచారు. అదే రెండో గుర్రం. మూడోది మెట్రిక్ గుర్రం. సెకనుకు 75 కిలోలను ఒక మీటరు ఎత్తితే ఒకటి, 735.5 వాట్లు. జర్మన్ వాళ్లు దాన్ని వాళ్ల భాషలో గుర్రపు బలం అనే అర్థమొచ్చే మాటతో పిలిచి, పి.ఎస్. అని పొట్టి చేశారు. మోటారు సైకిళ్ల కాగితాల మీద ఆ పి.ఎస్.యే వచ్చి కూర్చుంది.

నీ బండి 8.02ను 735.5తో గుణించు, 5.9 కిలోవాట్లు. మీ అన్న బండి 7.91ని 745.7తో గుణించు, 5.9 కిలోవాట్లు. ఇంట్లో పంచాయితీ ఆపండి.

పరీక్షలో 'మెట్రిక్' అన్న మాట కనబడితే 735.5 పెట్టు. కనబడకపోతే, అందులోనూ ప్రశ్న మోటారు గురించైతే, 746. ఇంకో ముచ్చట. వాట్ 1819లో పోయాడు. ఆయన పేరు శక్తి కొలతకు పెట్టాలని విలియం సీమెన్స్ అనే ఇంజనీరు ప్రతిపాదించింది 1882లో. తను కనిపెట్టిన గుర్రాన్ని తన పేరే వచ్చి పక్కకు నెడుతుందని ఆ పెద్దమనిషికి తెలియనే తెలియదు. మన దగ్గరైతే పూర్తిగా నెట్టలేకపోయింది. ఎన్టీఆర్ హయాంలో పంపుసెట్టు బిల్లు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయలు. వాట్ల మాట ఎవరూ ఎత్తలేదు. మా ఊరి రైతులకు హార్స్‌పవర్ అన్న మాట అట్లా రసీదు మీదినుంచి నాలుక మీదికొచ్చింది.

ప్రశ్న: ఫంక్షన్ హాలుకు జనరేటర్ తీసుకుందామంటే 62.5 కె.వి.ఎ. అంటున్నారు. ఆ అర ఎందుకు? గుండుగా 60 ఉండదా?
— నాగర్‌కర్నూల్

జవాబు: గుండు సున్న లోపల దాగుంది. 62.5ను పైన చెప్పిన పవర్ ఫ్యాక్టర్ 0.8తో గుణించండి, 50 కిలోవాట్లు. 125 కె.వి.ఎ. అన్నది 100 కిలోవాట్లకు. మీరు మాత్రం 50నే గుర్తు పెట్టుకుని ఏసీలు, లైట్లు కూడండి. డి.జె. వాడి పెట్టెల మీద రాసిన వేల వాట్లు చూసి బెదరకండి, అవి సగానికి సగం గొప్పలు.

ప్రశ్న: నెలకు 300 కిలోవాట్లు కాలుస్తాం, ఇంటి మీద 3 కిలోవాట్ల సోలార్ చాలంటున్నారు. 300కు 3 ఎట్లా సరిపోతుంది?
— ఒక గృహిణి, భువనగిరి

జవాబు: మీరు కాల్చేది 300 యూనిట్లమ్మా, కిలోవాట్లు కావు. కిలోవాట్ అంటే బస్సు వేగం, యూనిట్ అంటే అది పోయిన దూరం. ఒక కిలోవాట్ ఒక గంట నడిస్తే ఒక యూనిట్. మన ఎండకు ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు 4 యూనిట్లు ఇస్తాయి. మూడు నాలుగుల పన్నెండు, ముప్పై రోజులకు 360. ముసురు పట్టిన రోజులు తీసేసినా మీ 300 వెళ్లిపోతుంది. చెట్టు నీడ పడకుండా చూసుకోండి.

ప్రశ్న: పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతలలో ఒక్కో మోటారు 145 మెగావాట్లని పిల్లలకు చెప్పాను. "మా బోరు మోటారుతో ఎన్ని సార్?" అని ఒకడు అడిగాడు. నేను తడబడ్డాను.
— ఒక ఉపాధ్యాయుడు, కొల్లాపూర్

జవాబు: సార్, ఆ పిల్లవాడికి నా తరఫున ఒక చాక్లెట్ ఇవ్వండి. 145 మెగావాట్లంటే 1,45,000 కిలోవాట్లు. 0.746తో భాగిస్తే 1,94,000 హార్స్‌పవర్ పైచిలుకు. ఏడున్నరతో భాగిస్తే దాదాపు 26 వేల బోరు మోటార్లు. ఒక్క మోటారులో. మీకు దగ్గర్లోనే ఉన్న కల్వకుర్తి ఎత్తిపోతల మోటారు 30 మెగావాట్లు, అది 40 వేల హార్స్‌పవర్. పిల్లలు ఆ రెండిటినీ పోల్చుకోనివ్వండి.

వాళ్లకు ఇంకో లెక్క ఇవ్వండి. జూరాలలో ఒక్కోటి 39 మెగావాట్ల యంత్రాలు ఆరు, అన్నీ తిరిగితే 234 మెగావాట్లు. అంటే కృష్ణ జూరాలలో దిగుతూ ఇచ్చే కరెంటంతా పోగేసినా, ఆ 145 మెగావాట్ల మోటార్లు రెండు నడవవు. మా నాగార్జునసాగర్ ప్రధాన కేంద్రంలో ఒకటి 110, ఏడు 100.8 మెగావాట్ల యంత్రాలు, మొత్తం 815.6. అక్కడి ఒక్క యంత్రం కూడా ఆ ఒక్క మోటారును నడపలేదు. నీళ్లు దిగేటప్పుడు ఇచ్చేదెంత, ఎక్కించేటప్పుడు అడిగేదెంత అన్నది క్లాసులో ఒక గంట నడిచే చర్చ. అక్కడ కూడా గిర్నీ పిండి మాట మరవనీయకండి, 145 అన్నది మోటారు లెక్క, నీళ్ల లెక్క కాదు.

ప్రశ్న: నాకు డెబ్బై ఎనిమిదేండ్లు. మోట కొట్టిన చేతులివి. అప్పుడు హార్స్‌పవర్ మాట తెల్వదు. మా ఎడ్లు ఎన్ని హార్స్‌పవర్లు ఉండేటియో చెప్తరా?
— దేవరకొండ

జవాబు: అన్నా, ఈ ఉత్తరం చదివి గంట సేపు వేరే పని చేయలేదు. మా నాయినదీ మోటబాయే. మీ కొలతలు రాయలేదు కాబట్టి మా బాయి లెక్క కడతాను.

నీళ్లు 30 అడుగుల కింద, అంటే 9 మీటర్లు. మా బొక్కెన, తోలు తొండంతో కలిపి, నిండితే 150 లీటర్లు అని నాయిన అనేవాడు. కాలువలో పడేది అదే. 150 కిలోలు, 9 మీటర్లు, 9.81. గుణిస్తే 13,240 జౌళ్లు. ఎడ్లు మోటదారిలో కిందికి దిగడానికి నెమ్మదిగా ఇరవై లెక్కపెట్టేంత సేపు పట్టేది. 20 సెకన్లనుకుంటే 662 వాట్లు, హార్స్‌పవర్‌లో నూటికి 89 వంతులు. రెండెడ్లు కలిస్తే ఇంచుమించు ఒక వాట్ గారి గుర్రం. గిరక రాపిడికి పోయేది ఇందులో లెక్క వేయలేదు, అది కలిపితే మన ఎడ్లు గుర్రాన్ని దాటేసి ఉంటాయి.

కానీ ఎడ్లు వెనక్కి నడిచి పైకెక్కాలి, బొక్కెన మునగాలి, నిండాలి. చుట్టుకు ఒక నిమిషం. నిమిషమంతటి మీద పరిస్తే 220 వాట్లే. గంటకు 9,000 లీటర్లు. మునుగోడు అన్న మోటారు గంటకు 11,000 లీటర్లు ఇస్తుంది, కానీ అది 330 అడుగుల కిందినుంచి. మన ఎడ్లను ఆ లోతుకు కడితే గంటకు 800 లీటర్ల చిల్లరే వస్తాయి.

ఒక సంగతి మాత్రం ఈ లెక్కలో నన్ను ఇబ్బంది పెడుతోంది. ఎడ్లు దిగేటప్పుడు నాయిన మోకు మీద కూర్చునేవాడు. మీరూ కూర్చునే ఉంటారు. ఆయన బరువు యాభై అయిదు కిలోలకు మించదు గానీ, ఏటవాలు దారిలో ఆ బరువూ బొక్కెనను పైకి లాగింది కదా. ఆ 662లో ఎన్ని వాట్లు ఎడ్లవి, ఎన్ని నాయినవి? దానికి మోటదారి వాలు ఎంతో తెలియాలి. మా బాయిని పూడ్చి ఇల్లు కట్టారు, కొలవడానికి లేదు. మీ మోటదారి ఇంకా ఉంటే పొడవెంత, పైనుంచి కిందికి దిగుడెంత కొలిపించి పంపండి. వచ్చే సంచికలో ఎడ్ల వంతు వేరు, మనిషి వంతు వేరు చేసి పెడతాను.